ఆషాఢంలో పెళ్లికార్డు

మా ఊరి నుంచి ఫ్యాక్టరీ పనికి నలుగురం ఒకే కారులో వెళ్లేవాళ్లం. నడిపేవాడూ మా ఊరివాడే, మా అందరికీ బావ. నెలనెలా అతనికి కిరాయి ఇచ్చేవాళ్లం. కారుకి ఉన్నది మాత్రం తెల్ల నంబరు ప్లేటు, అంటే సొంత వాడకానికి రాయించుకున్న బండి. కిరాయికి తిప్పాలంటే పసుపు ప్లేటుండాలి. దానికి పర్మిట్ కావాలి, వేళకి ఫిట్‌నెస్ చూపించాలి, ఎనభై దాటకుండా స్పీడుకి కట్టడి పెట్టించాలి. తెల్లదానికి ఈ బాధలేవీ లేవు. అదే రోడ్డు, అవే ప్రాణాలు, అడిగేవాడే లేడు!

ఎవరైనా ఆపితే చుట్టాలమని చెప్పుకోవడానికి ముందు అద్దం దగ్గర ఎప్పుడూ ఒక పెళ్లికార్డు ఉండేది. ముహూర్తాలు మారినప్పుడల్లా బావ దాన్ని శ్రద్ధగా మార్చేవాడు. బ్రేకు సంగతి మాత్రం పట్టించుకునేవాడు కాదు. రెండుసార్లు తొక్కితేగాని అది పడేది కాదు. అడిగితే "ఏటవదు, నానున్నాను కదా" అనేవాడు. పక్కసీట్లో నేను ప్రతి మలుపులోనూ లేని బ్రేకుని కాలితో తొక్కేవాణ్ణి.

ఆ రోజు గోపాలపట్నంలో పోలీసు ఆపాడు. కార్డు చూసి నవ్వాడు.

"ఆషాఢంలో పెళ్లేటయ్యా?"

బావ కార్డు తీసి తిరగేసి చూశాడు. నాకేమో డ్యూటీ టైము దాటిపోతోందని చిరాకు.

"పెళ్లి కాదండి. మా తమ్ముడు పోయాడు. సావుకెల్తన్నాం" అనేశాను.

తమ్ముడు నా వెనకసీట్లోనే ఉన్నాడు. పోలీసు మొహం మారిపోయింది. అడ్డంగా ఉన్న ఆటోలను పక్కకి తోలించి "బేగెల్లండి బాబూ" అన్నాడు. బావ నిజంగానే బేగి తోలాడు. కారులో ఎవరూ నవ్వలేదు.

పక్కనే స్కూటర్ మీద ఆగిన మా ఊరాయన, వెనకసీట్లో వాణ్ణి చూడకుండానే, నా మాట విని ఇంటికి ఫోన్ చేశాడట. మేము ఫోన్లు గేటు దగ్గరే ఇచ్చి లోపలికి వెళ్లాలి. సాయంత్రం ఇల్లు చేరేసరికి వీధి నిండా జనం, మధ్యలో జుట్టు విరబోసుకుని అమ్మ. తమ్ముణ్ణి చూసి ఒళ్లంతా తడిమింది. తర్వాత నా వైపు తిరిగింది.

"ఇంకెవలూ దొరకలేదేట్రా నీ నోటికి?"



మర్నాడు పొద్దున్నే కారు వచ్చింది. తమ్ముడు ఎప్పటిలాగే ఎక్కాడు. నేను జ్వరమని చెప్పి గుమ్మంలోనే ఉండిపోయాను. జ్వరం కాదు, నిన్న నేనన్న చావు మాట ఆ కారుకి తగులుతుందేమోనని భయం. ఆ బ్రేకు సంగతి వాడికంటే నాకే బాగా తెలుసు. దిగరా అనాలంటే నేనెందుకు ఎక్కలేదో చెప్పాలి. చెప్పలేకపోయాను. ముందుసీటు ఖాళీగా ఉందని వాడు వచ్చి అందులో కూర్చున్నాడు.