నేను ట్యూబులైటు బాగుచేసిన రోజు

ఒకనాటి ఉదయం నా కుడిచేతి చూపుడు వేలు పదహారు మంది పసిపిల్లల్ని మాయం చేసింది. ఆ పూట నా గుండె ఎంత జోరుగా కొట్టుకుందంటే, నారాయణగూడ చౌరస్తాలో జనం బ్యాండు మేళం వస్తోందనుకుని ట్రాఫిక్ మొత్తం ఆపేశారు.

సరే, ట్రాఫిక్ మొత్తం కాదు, ఒక ఆటో. చౌరస్తా కూడా కాదు, చిక్కడపల్లిలో ఒక సందు మొన. అదీ నేను అడ్డంగా పడ్డాను కాబట్టి ఆగింది. మిగతాదంతా నిజం.

అప్పటికి నాకు అరవై ఎనిమిదేళ్లు. ఉడుకు రక్తం. అశోక్ నగర్‌లోని మా ఇంటి నుంచి రోజూ నడిచి ఆ సందులోని బాలవాడికి వెళ్లి పిల్లలకు కథలు చెప్పేవాణ్ణి. పాలమూరు నుంచి వచ్చిన కూలీల పిల్లలు, సందులోని దుకాణాలవాళ్ల పిల్లలు కలిసి కూర్చునే చోటు అది. నాదేదో సేవ అనుకునేరు! ఇంట్లో నా కథలు వినే ఓపిక ఎవరికీ మిగల్లేదు, అంతే.

అప్పుడే మిన్నూ కొత్తగా చేరింది. నాలుగేళ్ల పిల్ల, పుట్టు చెవుడు. చెవికి మిషను ఉన్నా పెద్ద చప్పుళ్లే లీలగా అందేవి. తల్లి లక్ష్మి పక్క సందులో కడుతున్న అపార్ట్‌మెంటులో ఇటుకలు మోసేది. ఆ పిల్లను చేర్చుకోవద్దని బాలవాడి కమిటీలో ఒక పెద్దమనిషి బల్ల గుద్దాడు. "పిలిస్తే ఇనవడని పిల్ల రోడ్డు మీదికి ఉరికితే జవాబెవరు? వేరే స్కూలేదన్న చూస్కోమనుండ్రి!" అన్నాడు. ఆయన పేరు నన్నడక్కండి. ఆయన చొక్కాలన్నీ మా ఇంట్లోనే ఆరతాయి.

కొన్నాళ్లు చూద్దాం, చిన్న తేడా వచ్చినా పంపేద్దాం అని కమిటీ తేల్చింది. ఆ గడువు ఆదివారంతో తీరుతుందనగా, శుక్రవారం నా వేలు దురద పెట్టింది.

ఆ రోజు పిల్లల్ని చూసుకునే ఆయమ్మ రాలేదు. సందు మొనకు గుడ్ల ఆటో వచ్చింది. సునీత టీచర్ చెప్పులేసుకుంటూ, "తాతా, జర పిల్లల్ని చూస్కోండి, గుడ్లు తీస్కొని ఇప్పుడే వస్త. ఏం ముట్టకుండ్రి," అంది.

"నేనేమన్న చిన్నపిల్లగాన్నా?"

"చిన్నపిల్లలైతే ఒక్కసారి చెప్తే ఇంటరు," అనేసి వెళ్లింది.

పైన ట్యూబులైటు మినుకుమినుకుమంటోంది. నేను పాడైన ట్యూబులైటును చూసి ఊరుకున్న రోజు లేదు. నా చేతిలో బాగుపడ్డ ట్యూబులైటూ లేదు. స్టూలెక్కి, గోడవైపు తిరిగి, స్టార్టరు తిప్పాను. చేతికందేంత దూరంలోనే స్విచ్చు. ఆపి, మళ్లీ వేశాను. ఆపి వేశాను. ఇంకోసారి ఆపి వేశాను. అలా పైకి చూస్తూనే, "ఒకప్పుడు మొత్తం చిక్కడపల్లికి కరెంటిచ్చింది మీ తాతనే రా!" అని కథ అందుకున్నాను. వెనక ఒక్క గుసగుస లేదు. నా కథకు అంత నిశ్శబ్దం దొరకడం జన్మలో అదే మొదలు. మురిసిపోయి, తెగిన తీగను పళ్లతో పట్టుకున్న ఘట్టం కూడా కల్పించాను.

తిరిగి చూస్తే గది ఖాళీ.

చాపలున్నాయి, బొమ్మలున్నాయి. గుమ్మం దగ్గర చిన్న చిన్న చెప్పులు వరసగా ఉన్నాయి. వాటిలో కాళ్లు పెట్టాల్సిన వాళ్లు లేరు. చెప్పుల్లేకుండా పిల్లలు తమంతట తాము ఎక్కడికి పోతారు? ఎవరో ఎత్తుకుపోయారు! బీరువా వెనక చూశాను. బల్ల కింద చూశాను. మూలన నీళ్ల డ్రమ్ము ఉంది. దాని మూత తీయడానికి చేయి రాలేదు. కళ్లు మూసుకుని తీశాను, ఒక కన్ను తెరిచాను. నీళ్లే.

వీధి గుమ్మంలోంచి పరుగెత్తాను. ఆటోకు అడ్డంగా పడ్డానన్నానే, అది గుడ్ల ఆటోయే. టీచర్ చేతిలోని ట్రే నా నెత్తిన అభిషేకమైంది.

"పిల్లలు లేరు!"

"లేరంటే ఏంది తాతా?"

"చెప్పులున్నయి. పిల్లలు లేరు!"

ఆమె ముఖం పాలిపోయింది. "లైటు ముట్టిండ్రా?" అంది వెంటనే.

పిల్లలు పోయారంటే లైటు సంగతెందుకో నాకర్థం కాలేదు. తిట్టడానికే అనుకున్నాను. "రామ రామ! స్విచ్చు దిక్కు చూస్తే ఒట్టు!" అన్నాను, సొన తుడుచుకుంటూ.

ఆమె మెయిన్ రోడ్డు వైపు తిరిగి ఒక్కో పిల్ల పేరూ అరవడం మొదలుపెట్టింది. అరుపులు విని లక్ష్మి సిమెంటు చేతులతోనే ఉరికొచ్చింది. మెయిన్ రోడ్డు మీద బస్సులు హారన్లు కొడుతూ పోతున్నాయి. "మిన్నూ! మిన్నూ!" అని అరిచింది. అరిచి, తన నోరు తనే మూసుకుంది.

"పిలిస్తే పలకదు సారూ నా బిడ్డ. ఎట్ల ఎతకాలె? దొరికినా ఇగ రానియ్యరు గద..."

కమిటీలో నేను గుద్దిన బల్ల నా గుండెల మీద పడింది. 

"టీచరమ్మా... ముట్టిన."

"ఏంది?"

"లైటు. ఆపి ఏసిన."

"ఎన్నిసార్లు?"

"మూడు."

"గదేదో ముందుగాల చెప్తే నీ సొమ్మేం పోయె తాతా!" అని ఆమె బాలవాడి వెనక్కి ఉరికింది. ఆమె వెనక లక్ష్మి, ఆమె వెనక సొన కారుతూ నేను.

సంగతేమిటంటే, మిన్నూకు గంట వినపడదు. అందుకని టీచర్ పిల్లలందరికీ గంట మాన్పించి లైటు గుర్తులు నేర్పింది. ఒకసారి ఆరితే అన్నం. రెండుసార్లయితే గుండ్రంగా కూర్చోవాలి. మూడుసార్లయితే ప్రమాదం: చెప్పులు వదిలేసి, నోరెత్తకుండా, ముడులేసిన తాడు పట్టుకుని వెనక తలుపులోంచి గోడ కట్టిన పార్కులోకి పోవాలి. నేర్పిన రోజు నేనూ అక్కడే ఉన్నాను, కుర్చీలో కునుకు తీస్తూ.

పార్కు గోడ పక్కన పదహారు మందీ వరసగా కూర్చున్నారు, ఒక్కొక్కరి పిడికిట్లో ఒక్కో ముడి. నడుమ, నడవడానికి కాళ్లకు ఇనప పట్టీలు కట్టుకునే శివ. వాడి నడకకు తగ్గట్టే అందరూ నడిచారట. అందరికంటే ముందు, లైటును అందరికంటే ముందు కనిపెట్టే మిన్నూ.

లక్ష్మి కూలబడి బిడ్డను వాటేసుకుంది. ఆ పిల్ల మాత్రం విడిపించుకుని నా దగ్గరికొచ్చి, కళ్లెర్రజేసి, చేతుల సైగలతోనే నన్ను దులిపేసింది.

"ఏమంటుంది?" అన్నాను భయంగా.

శివ చెప్పాడు: "అందరొచ్చిండ్రట, ఒక్కరే తక్కువట. నువ్వే తప్పిపోయినవ్ తాతా!"

మిన్నూ తన చెవి మిషను తాకింది. తర్వాత నా చెవి తాకింది. నా మిషను చొక్కా జేబులో ఉంది. పెట్టుకుంటే ముసలివాడిలా కనిపిస్తానని.

ఆదివారం కమిటీలో మళ్లీ బల్ల గుద్దాను. "పిలిస్తే ఇనని మనిషితోని డేంజరే! ఆ మనిషి నేనే. మిన్నూకు తాడుల ముందు ముడి ఉండనీయుండ్రి, నాకు ఎనక ముడి ఇప్పియ్యుండ్రి," అన్నాను. నవ్వారు గాని, రెండూ ఒప్పుకున్నారు.

కాబట్టి పాఠక మహాశయులారా, చెవిలో మిషను పెట్టుకుని, పగిలిన గుడ్ల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో ఏ స్విచ్చూ ముట్టను, ముట్టి లేదనను.

మొన్న మా ఇంట్లో కరెంటు మూడుసార్లు పోయి వచ్చింది. మా ఆవిడ వెతుక్కుంటూ వచ్చేసరికి, చెప్పుల్లేకుండా గేటు బయట, బట్టలారేసే తాడు పట్టుకుని నిలబడ్డాను.

"ఏందిది?" అంది.

"మాట్లాడకు," అన్నాను. "తాడు పట్టుకో."