లేత్‌కి కట్టిన నిమ్మకాయ

టూల్ సుద్దగీత దాటిపోయినప్పుడు నా నోట్లో మిరపకాయ బజ్జీ ఉంది. లేత్ బెడ్ మీద నేనే గీసుకున్న గీత అది. ఇనుము కోసే ఆ టూల్ అక్కడికొచ్చి ఆగాలి, ఆగి మెల్లగా కోత మొదలుపెట్టాలి. అది ఆగలేదు. ఇనుప కడ్డీని పట్టుకుని గిర్రున తిరుగుతున్న చక్ వైపు, ముహూర్తానికి ఆలస్యమైన పెళ్లివారి కారులా దూసుకుపోయింది. మింగాలో అరవాలో తేలక రెండూ ఒకేసారి చేశాను.

మా ఆయనది చిలకలూరిపేట రోడ్డు మీద, ఇంటిని ఆనుకుని ఉన్న రేకుల షెడ్డులో లేత్ పని. కారం మిల్లులకి బుష్‌లు, పత్తి మిల్లులకి షాఫ్ట్‌లు చేస్తాడు. చక్రాలు తిప్పి తిప్పి భుజం పట్టేసిందని ఆన్‌లైన్‌లో మోటార్లు తెప్పించి, పాత కంప్యూటర్ ఒకటి తగిలించి, మామగారి కాలం నాటి లేత్‌ని తనే కంప్యూటర్ నడిపే సీఎన్‌సీగా మార్చేశాడు. ఇనుముతో ఆయనకి తిరుగులేదు. ప్రోగ్రాం రాయమంటే మాత్రం ఆవలింతలు.

"నువ్వు బీఎస్సీ కంప్యూటర్స్ కదే. ఆ చదువు కుక్కర్ విజిల్స్ లెక్కపెట్టడానికేనా?" అన్నాడు.

"కుక్కర్ లెక్క తప్పితే పప్పు మాడుద్ది. దీని లెక్క తప్పితే ఏమవుద్దండీ?"

"కొత్త టూల్ కొంటాం. నేర్చుకో."

నేర్చుకున్నాను. జీ సున్నా అంటే పరుగెత్తమని, జీ ఒకటి అంటే కోస్తూ నడవమని. ఎక్కడిదాకా అనేది మిల్లీమీటర్లలో చెప్పాలి. చెప్పింది చెప్పినట్టు చేస్తుంది. మా ఇంట్లో ఆ లక్షణం ఇంకెవరికీ లేదు కాబట్టి దాని మీద నాకు కొంచెం ప్రేమ కూడా పుట్టింది.

కానీ నేను పొయ్యి ఆర్పేశాక కూడా పాలు పొంగుతాయేమోనని గిన్నె పక్కనే నిలబడే మనిషిని. చాలా రోజులు కడ్డీ పెట్టకుండా ఉత్త గాలిని కోయించాను. తర్వాత కొవ్వొత్తిని కోయించాను. పిల్లల్ని ఎక్కడ ఉంచాలన్నది ఇంకో దిగులు. గేటు బయట దాచేపల్లి సిమెంటు లారీలు, లోపల లేత్. కళ్లముందుంటేనే నయమని షెడ్డులో పసుపు పెయింటుతో ఒక గీత గీసి, దాని వెనక రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేశాను. రెండో తరగతి కూతురికొకటి, ఎల్‌కేజీ కొడుక్కొకటి. గీత దాటినవాళ్లకి బజ్జీ బంద్.

ఆ శనివారం సాయంత్రం మా ఆయన బుష్‌లు ఇచ్చిరావడానికి మిల్లుకి వెళ్లాడు. నేను మొదటిసారి ఒంటరిగా, నిజం ఇనుము మీద. ఆన్ చేయగానే టూల్ ఉన్న బండి చక్‌కి దూరంగా, అవతలి చివరికి వెళ్లి అక్కడున్న స్విచ్‌ని నొక్కుతుంది. దానికి అదే ఇల్లు, దూరాలన్నీ అక్కడి నుంచే కొలుచుకుంటుంది. వెళ్లింది, నొక్కింది, లైటు వెలిగింది. గుప్పున నిమ్మకాయ వాసన వచ్చింది. నా పళ్లెంలో బజ్జీ మీద పిండిన నిమ్మచెక్క ఉంది కదా, దాని వాసనే అనుకున్నాను.

ఆ తర్వాతే టూల్ సుద్దగీత దాటింది. అదే క్షణంలో కింద చూస్తే, నా కాళ్ల దగ్గర కొడుకు. పసుపు గీత దాటొచ్చి ఇనుప రజను చుట్టలు ఏరుకుంటున్నాడు. ఒక చేత్తో వాడి కాలరు పట్టి వెనక్కి లాగి, మోచేత్తో ఎర్ర బటన్ కొట్టాను. అప్పటికే ఠప్‌మంది. టూల్ వెళ్లి చక్ పళ్లకి కొట్టుకుంది.

"అమ్మా, బాంబా?" వాడి మొహం వెలిగిపోతోంది.

"వాడు గీత దాటాడమ్మా! వాడికి బజ్జీ లేదుగా?" అంది కూతురు, కుర్చీలోంచి కదలకుండా.

టూల్ కొన విరిగిపోయింది. ఆ ముక్క కోసం నేలంతా వెతికితే, అది వాడి ఖాళీ కుర్చీలో దొరికింది. వీపు ఆనే చోట దిగబడి ఉంది. వాడు బుద్ధిగా కూర్చుని ఉంటే అది ఎక్కడ తగిలేదో నేను కొలవలేదు. మిల్లీమీటరు కూడా వదలకుండా కొలిచేదాన్ని, అది మాత్రం కొలవలేదు.

మా ఆయన వచ్చి మెషినంతా చూసి, అవతలి చివర స్విచ్ దగ్గర నుంచి దారానికి వేలాడుతున్న నలిగిన నిమ్మకాయనీ రెండు పచ్చిమిరపకాయల్నీ పైకెత్తి పట్టుకున్నాడు.

"అమ్మా! ఇదెవరు కట్టారు?"

"శనివారం కదరా," అంది మా అత్తగారు. "ఎప్పుడూ కట్టే హ్యాండిల్ పీకేస్తివి. మరి దేనికి కట్టను, నీ మెడకా?"

బండి నొక్కింది నిమ్మకాయని, స్విచ్‌ని నొక్కింది నిమ్మకాయ. ఇంటికి చేరకముందే ఇల్లొచ్చిందనుకుంది మెషిన్. కాయ ఎంత మందమో టూల్ అంత ఎక్కువ ముందుకెళ్లింది. మా ఆయన ఆ కాయని వెర్నియర్‌తో కొలిచి, "ఇకనుంచి ప్రోగ్రాంలో దీనిక్కూడా ఒక లైను రాయి" అన్నాడు. కుర్చీ చూపించాక వెళ్లి మెయిన్ స్విచ్ ఆపేశాడు.

"చూశావా, కాయ కట్టబట్టే పిల్లాడికి ఏం కాలేదు," అంది అత్తగారు.

"అత్తయ్యా, కట్టబట్టే ఇదంతా అయింది!"

"ఏం కాలేదుగా మరి?"

 

ఆ రాత్రి నాకు పట్టుకున్న దిగులు వేరు. గీత దాటావు కాబట్టి బతికావని చెబితే, వాడు జన్మంతా కనిపించిన ప్రతి గీతా దాటేస్తాడు. దాటినందుకు తిడదామంటే ఆ కుర్చీకి పడిన చిల్లు నా వైపే చూస్తోంది.

పొద్దున్నే మా ఆయన షెడ్డు కిటికీకి మందపాటి ప్లాస్టిక్ షీటు బిగించాడు. నేను చిల్లు కుర్చీ పారేసి, స్టూలూ మిగిలిన కుర్చీ వరండాలో వేశాను. ఇడ్లీ తింటూ వాడే అడిగాడు, "నేను గీత దాటాగా, కొడతావా?"

"కొట్టను. ఆ గీత నేను తప్పు చోట గీశాను. ఇవాళ్టి నుంచి అది లేదు, గుమ్మమే గీత. మెషిన్ తిరిగేటప్పుడు మీరిద్దరూ వరండాలోనే, కిటికీలోంచి చూడాలి. నిమ్మకాయ కూడా గుమ్మానికే. నానమ్మ మెషిన్‌కి ఏది కట్టినా పరుగెత్తుకొచ్చి నాకు చెప్పండి."

"చెబితే బజ్జీ ఇస్తావా?" అంది కూతురు.

"రెండిస్తాను. కానీ నానమ్మకి చెప్పొద్దు."