జూరా ఎజె చేతి మూర

బిష్కెక్‌లో కుట్టు ఫ్యాక్టరీ ఆడవాళ్ల హాస్టల్, మూడో అంతస్తు. అక్కడ ఎవరికి కడుపులో అవసరం పుట్టినా ముందు జూరా ఎజె, అంటే జూరా అక్క, తలుపు తట్టాలి. అంతస్తు మొత్తానికి ఉన్నది ఒకే మరుగుదొడ్డి. అందులో ఉండాల్సిన టాయిలెట్ పేపర్ చుట్ట ఆవిడ గదిలో, మంచం పక్కన, టీ కెటిల్‌కి జోడీగా ఉండేది. అడిగితే ఇచ్చేది, కాకపోతే కొలిచి ఇచ్చేది. చిన్నపనికి జానెడు, పెద్దపనికి మూరెడు.

నారిన్ నుంచి కొత్తగా వచ్చిన నురిపాకు ఈ సంగతి తెలిసింది మొదటిరోజే, తెలియకూడని సమయంలో. లోపల గోడకు ఒక మేకు మాత్రమే కనిపించింది. ఎలాగో బయటపడి, పక్కగది చినారాను అడిగి, మండిపడుతూ వెళ్లి ఆ తలుపు తట్టింది. పొట్టి మనిషి, తలకు పూల రుమాలు, చేతిలో చుట్ట. నురిపాను కిందినుంచి పైదాకా తేరిపార చూసింది.

"చిన్నదా, పెద్దదా?"

పాతికేళ్లు వచ్చాక తనను ఎవరూ ఆ ప్రశ్న అడగలేదని నురిపా అంది. అయితే ఇప్పుడు అడుగుతున్నానుగా, చెప్పు అంది జూరా ఎజె.

ప్రశ్న అక్కడితో ఆగినా నురిపా సర్దుకుపోయేదేమో. కాగితం చింపేలోపు ఆవిడ ఇంకో నాలుగు అడిగేది. కళ్లు ఎందుకు ఉబ్బాయి? రాత్రి ఏం తిన్నావు? అమ్మ ఫోన్ చేసిందా? పొద్దున మూరెడు పట్టుకెళ్లావు, మళ్లీ మూరెడా, ఆ సంత దగ్గర మాంసం సమోసాలు తినొద్దని చెప్పానా? ఇదంతా నడవా మొత్తానికి వినబడే గొంతుతో. కింద రెండో అంతస్తువాళ్లు కూడా నురిపా కడుపు సంగతి తెలుసుకుని, మెట్ల మీద ఎదురైనప్పుడు ఇప్పుడు ఎలా ఉందని పరామర్శించేవారు.

నురిపా ఫ్యాక్టరీలో బట్ట కత్తిరించే పనిలో ఉండేది. కొలతలో తేడా వస్తే ఆమె ఊరుకోదు. జూరా ఎజె పొట్టిది కాబట్టి ఆవిడ మూర కూడా పొట్టిదని, కొలిస్తే తన చేత్తో కొలవాలని ఒకరోజు వాదనకు దిగింది. జూరా ఎజె ఆమె పొడవాటి చేతిని పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"చేయి పొడుగైతే అవసరం కూడా పొడుగవుతుందా, పిల్లా?" అని తన మూరే చింపి ఇచ్చింది. ఇస్తూ, ఈ మణికట్టు ఇంత సన్నబడిందేం, సరిగ్గా తింటున్నావా అని అడిగింది.

చినారాకు జరిగిన అవమానం ఇంకా పెద్దది. ఆమెను చేసుకోబోయే కుర్రాడు ఒక ఆదివారం టీకి వచ్చి, కాసేపటికి నెమ్మదిగా దారి అడిగాడు. అతనూ ఆ తలుపు తట్టక తప్పలేదు. వాళ్ల ఊరు, ఉద్యోగం, తాగుడు అలవాటు, తల్లి స్వభావం అన్నీ రాబట్టుకున్నాకే జూరా ఎజె కాగితం చింపింది. పాపం, ఆ స్థితిలో అబద్ధం ఆడే ఓపిక ఎవరికి ఉంటుంది? కుర్రాడు మంచివాడే, చేసుకో అని ఆవిడ నడవాలోంచే తీర్పు చెప్పింది.

అందరూ బయ్‌కె, అంటే అన్న, అని పిలిచే వార్డెన్ తుర్దాలి దగ్గరికి నురిపా ఫిర్యాదు మోసింది. హాస్టల్ ఇచ్చే కాగితం ఒకరి సొత్తు ఎలా అవుతుందని నిలదీసింది. ఆయన అటూ ఇటూ చూసి, పైకి వచ్చినప్పుడు తనకూ జానెడే ఇస్తుందమ్మా అని గొంతు తగ్గించి చెప్పాడు.

ఇక తిరుగుబాటే మిగిలింది. నురిపా గది గదికీ తిరిగి, ఎవరి చుట్ట వాళ్లే కొనుక్కుందాం, ఆత్మగౌరవం అనేది ఒకటుందా లేదా అని అందరినీ కూడగట్టింది. మరుసటి వారం నుంచి ఆడవాళ్లు చంకలో చుట్టలు పెట్టుకుని, ఊరేగింపుగా వెళ్తున్నట్టు, తలెత్తుకుని నడిచారు. జూరా ఎజె తలుపు తట్టేవాళ్లు లేకపోయారు. ఆవిడ నడవాలోకి కుర్చీ లాక్కుని, చుట్ట ఒళ్లో పెట్టుకుని, వచ్చేపోయేవాళ్లను చూస్తూ కూర్చుంది. నురిపా మాత్రం అవసరం ఉన్నా లేకున్నా ఆవిడ ముందునుంచి మూతి తిప్పుకుంటూ రోజూ వెళ్లేది.

చలి ముదిరాక ఒక సెలవు వారంలో చినారా ఊరెళ్లింది. నురిపాకు జ్వరం వచ్చింది. లేచి నీళ్లు తాగుదామంటే కాళ్లు నిలవలేదు. ఫోన్ ఎక్కడో దుప్పట్ల కింద చచ్చిపడి ఉంది. ఎవరినైనా పిలుద్దామన్నా గొంతు పెగల్లేదు. గడియ పెట్టిన తలుపు వైపు చూస్తూ అలాగే పడుకుంది. మర్నాడు మధ్యాహ్నం తలుపు దడదడలాడింది. గడియ ఊడి పడింది. ముందు జూరా ఎజె, వెనక సుత్తితో తుర్దాలి బయ్‌కె.

"నిన్నటి నుంచి నా ముందు మూతి తిప్పుకుంటూ పోలేదు నువ్వు. అప్పుడే అనుకున్నా," అంది ఎజె, ఆమె నుదుటి మీద చేయి వేస్తూ.

డాక్టర్ని పిలిపించింది. సాయంత్రానికి గొర్రెమాంసంతో సోర్పో అనే చారు కాచి తెచ్చింది. చెంచాతో పోస్తూ, నురిపా అడగకుండానే తిడుతున్నట్టు చెప్పడం మొదలుపెట్టింది. ఇదే గదిలో ఇదివరకు కెరెజ్ అని ఒకామె ఉండేదట. జారిపడి తుంటి విరిగితే రోజంతా నేల మీదే ఉండిపోయిందట. బతికింది, ఇప్పుడు కూతురి దగ్గర హాయిగా ఉంది. కానీ ఆ రోజు అందరూ ఆమె ఊరెళ్లిందనుకుని ఈ తలుపు ముందునుంచే తిరిగారట.

"నేనూ తిరిగాను," అంది జూరా ఎజె. "బతికే ఉన్నావా అని రోజూ తలుపులు కొడితే నన్ను పిచ్చిదంటారు. కాగితం నా దగ్గరుంటే మీరే వస్తారు."

నురిపాకు ఆ జ్వరంలోనూ కోపం వచ్చింది. "ఆ మాట ముందే చెప్పొచ్చుగా ఎజె. మేమే వచ్చి పలకరించేవాళ్లం."

"మొహమాటానికి వచ్చినవాళ్లు నవ్వి పోతారు. అర్జెంటుగా వచ్చినవాళ్ల మొహంలో అంతా కనబడుతుంది. మాట్లాడకుండా తాగు."

లేచి తిరగడం మొదలుపెట్టాక కూడా నురిపా కోపం పూర్తిగా పోలేదు. ఇంత మోసం చేసి మంచి చేస్తారా అని చినారా దగ్గర గంటసేపు గొణిగింది. తర్వాత జుట్టు దువ్వుకుని వెళ్లి ఆ తలుపు తట్టింది. జూరా ఎజె చుట్ట అందుకోబోయింది. ఏమీ వద్దని, ఊరికే చూసి పోదామని వచ్చానని నురిపా చెప్పింది.

ఎజెకు ఏం చేయాలో తోచలేదు. ఆ తలుపు దగ్గరికి అలా వచ్చినవాళ్లు ఎవరూ లేరు. కుర్చీ జరిపింది, మళ్లీ వెనక్కి జరిపింది. కెటిల్ మూత తీసి చూసి మూసింది. చివరికి చుట్ట తీసి, మొదటిసారి కొలత చూడకుండా, బారెడు కాగితం చింపి నురిపా చేతిలో పెట్టింది.

"ఉంచుకో," అంది. "వచ్చినదానివి ఉత్త చేతులతో ఎలా పోతావు?"