డబ్బా మీద సుద్దగుర్తు

ఆళ్లగడ్డలో షాహజాదమ్మ పిండి మిషన్‌కు వచ్చేవాళ్లు సన్నంగానా, బరకగానా అన్నది రెండోసారి చెప్పనక్కర్లేదు. మొదటిసారే ఆమె వాళ్ల డబ్బా మీద సుద్దతో గుర్తు పెట్టేస్తుంది. జొన్నలకు సున్నా, బరకగా కావాలంటే పక్కన రెండు గీతలు. డబ్బా వాళ్లింటికే పోతుంది. మళ్లీ వచ్చినప్పుడు ఆమె చూసేది డబ్బానే. మొహం చూసేది ఇంటి సంగతులు అడగడానికి.

రెండువేల ఆరులో ఆమె కొడుకు ఇలియాస్ నంద్యాలలో నెట్ సెంటర్ పెట్టాడు. రెండు నెలలకు ఆమె దాన్ని చూడటానికి వెళ్లిన రోజునే పక్క స్కూలు భ్రమరాంబిక టీచర్ తలుపు తోసుకుని వచ్చింది.

"ఏమప్పా ఇలియాస్! నా మెయిళ్లు చదివి అందరికీ చెప్తాండావా? మా చెల్లెలి పెండ్లి సంగతి బజార్లో ఎవురో అడిగినాడు. నిన్న నా తర్వాత ఈడ కూచున్నాయనే! ఇంగ ఈడికి ఎవురూ పోవద్దని స్కూల్లో చెప్తా."

ఇలియాస్ గబగబా లేచి నిలబడ్డాడు. అతని గిరాకీలో సగం ఆ స్కూలువాళ్లే.

"నేను చదవలేదు మేడమ్. కుకీ ఉండిపోయింది."

"ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవద్దు!"

కొడుకు మీద మాట పడేసరికి షాహజాదమ్మ ఇద్దరి మధ్యకు వచ్చింది. అర్థం కానిది అడక్కుండా ఉండటం ఆమె వల్ల అయ్యే పని కాదు.

"ఉండు టీచరమ్మా. ఏందిరా ఆ కుకీ?"

"మెయిల్ సైటు యాడో దూరాన ఉంటాదమ్మా. మనం పాస్‌వర్డ్ కొట్టినంక, 'ఈమె ఫలానా' అని చిన్న చీటీ రాసి ఈ కంప్యూటర్లోనే పెడతాది. అదే కుకీ. మళ్లీ తెరిస్తే కంప్యూటర్ ఆ చీటీ చూపిస్తాది, సైటు లోపలికి వదుల్తాది."

"కూచున్నది ఎవురని చూడదా?"

"దానికి కండ్లు యాడివి? చీటీ ఒకటే చూస్తాది."

"మా పిండి మిషన్ డబ్బాల మాదిరే! గుర్తు పెట్టేది నేను, ఉండేది వాళ్లింట్లో. పోయిన్నెల ఈశ్వరి తన జొన్నలు నారాయణమ్మ డబ్బాలో తెచ్చింది. గుర్తు చూసి బరకగా ఆడించినా. తనకు సన్నంగా కావాలంట! ఎంత కొట్లాడిందో. టీచరమ్మా, ఈడ డబ్బా ఒకటే, వాడేది ఊరంతా. నీ గుర్తు చెరపకుండా లేచిపోయినావు."

టీచర్ గొంతు తగ్గింది. "మెయిల్ మూసేసే పోతినే?"

"మూస్తే చీటీ పోదు మేడమ్. 'గుర్తుంచుకో' అనే గడిలో టిక్కు పెట్టినారేమో. లాగౌట్ కొట్టాల."

టీచర్ నాలుక కరుచుకుంది. రోజూ పాస్‌వర్డ్ కొట్టలేక విసుగుపుట్టి పెట్టిన టిక్కు.

షాహజాదమ్మ కొడుకు మీదికి తిరిగింది. "ఆమెకు తెలీదు సరే, నీకు తెలుసు గదరా! మనిషి లేస్తానే తుడిచేయొద్దా? సగం తప్పు నీదే."

"నాదే మేడమ్," అంటూ అతను కుకీలన్నీ చెరిపేశాడు. ఈసారి సైటు తెరిస్తే పేరూ, పాస్‌వర్డూ అడిగింది.

"ఇప్పుడు నేనెవురో తెలీదంట దీనికి!" టీచర్ నవ్వి కుర్చీ లాక్కుంది. "స్కూల్లో చెప్తాలే, లాగౌట్ కొట్టి లేవండని. అమ్మా, నువ్వు అట్ల తిరుగు, పాస్‌వర్డ్ కొట్టాల."

షాహజాదమ్మ గోడవైపు తిరిగింది. రెండు క్షణాలు ఓర్చుకుంది.

"అయిందా? ఎంత పొడుగు పెట్టుకున్నావమ్మా!"