ఒక్కపొద్దు నాడూ మానకూడని గోలీ

మా డాక్టరమ్మ పోయింది. మొన్న పొద్దున పాలు పోసే ఆయన క్యాను కింద పెట్టకుండానే చెప్పాడు, "డాక్టరమ్మ పోయిందట గద అక్కా, రాత్రి నిద్రలనే" అని. నమ్మకపోగా ఆయన్నే కసిరాను. బాన్సువాడలో సగం మందిని తిట్టి తిట్టి బతికించిన మనిషి, ఎవరినీ ఒక్క మాట అనకుండా పోవడమేమిటి?

కోస్తా నుంచి వచ్చి నిజాంసాగర్ కాలువ కింద భూములు కొనుక్కున్న కుటుంబం ఆమెది. మా ఊళ్లో కిరాయి ఇంట్లో దవాఖాన పెట్టింది. మా మాటల్ని ఆమె, ఆమె మాటల్ని మేము వెక్కిరించుకుంటూనే దగ్గరయ్యాం. ఎవరొచ్చినా నాడి కంటే ముందు పాదాలు చూసేది. చెరకు నరికాక మిగిలే కొయ్యకాళ్లు గుచ్చుకున్న సంగతి మావాళ్లు చెప్పరని ఆమెకు తెలుసు. "నోరు దాస్తుందే, పాదం దాయదు" అనేది.

డెబ్బైల మొదట్లో మా అక్క మంచాన పడింది. ఇద్దరు పిల్లల తల్లి. వేళ్లూ మోకాళ్లూ వాచిపోయి, చంటిదాన్ని ఎత్తుకోలేక ఏడ్చేది. "ఇగ లేవదు" అని ఇంటికొచ్చినవాళ్లంతా గుమ్మంలోనే అనేసి పోయేవారు. డాక్టరమ్మ మాత్రం మా అమ్మను ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"రక్తంలో కావలి కణాలుంటాయమ్మా. క్రిములొస్తే పట్టుకుని చంపడం వాటి పని. మీ అమ్మాయి కణాలు దారి తప్పి సొంత కీళ్ల మీదే పడ్డాయి. పెంచుకున్న కుక్క ఇంట్లోవాళ్లనే కరిచినట్టు. ఈ గోలీ పేరు స్టెరాయిడు. మన ఒంట్లో ఊరే హార్మోను లాంటిదే. ఆ కుక్కను కట్టేస్తుంది. కానీ కట్టేసిన కుక్క దొంగనూ కరవదు కదా! చిన్న పుండైనా సరే, జ్వరం రాకపోయినా సరే, పరుగెత్తుకు రండి. నేను చెప్పకుండా ఒక్క పూట కూడా గోలీ ఆపకండి."

ఆ మందు చేసిన మాయ నా కళ్లతో చూశాను. కొద్ది రోజుల్లోనే అక్క లేచి కూర్చుంది, నడిచింది, పిల్లను చంకనేసుకుంది. ముఖం గుండ్రంగా ఉబ్బితే ఊరంతా ఒళ్లు చేసిందని మురిసిపోయింది. పక్కింటి అవ్వయితే దవాఖానకే పోయి, "గా తెల్ల గోలీలు నాకు గూడ రాయి బిడ్డా, జర బలం వస్తది" అని కూర్చుంది. "అది బలం కాదు తల్లీ, వాపు. లే ముందు!" అని డాక్టరమ్మ ఆమెను చెయ్యి పట్టుకుని బయటికి నడిపించింది.

అంతా బాగున్నప్పుడే ముంచుకొచ్చింది. మంచాన ఉన్నప్పుడే, మళ్లీ నిలబడి బతుకమ్మ ఆడితే పండుగన్ని రోజులూ కటిక ఒక్కపొద్దులుంటానని అక్క మొక్కుకుంది. ఆడింది. మొక్కు తీర్చడం మొదలుపెట్టింది. నోట్లో ఏం పడ్డా ఒక్కపొద్దు చెడుతుందని గోలీలూ మానేసింది. పండుగ సగం కాకముందే వాకిట్లో కుప్పకూలింది. ఒళ్లు చల్లబడి, పిలిస్తే పలకలేదు. ట్రాక్టరులో వేసుకుని దవాఖానకు పరుగెత్తాం.

"గోలీ ఎప్పుడేసింది?"

"ఒక్కపొద్దులు గదమ్మా, ఎట్లేసుకుంటది?" అంది మా అమ్మ.

డాక్టరమ్మ నెత్తి కొట్టుకుంది. సెలైన్ ఎక్కిస్తూ, అదే హార్మోను సూదిని నరంలోకి ఇస్తూ, తిడుతూనే ఉంది. "బయటి నుంచి గోలీ వస్తోందని ఒంట్లో దాన్ని చేసే గ్రంథులు పని మానేసి పడుకున్నాయి. ఉన్నట్టుండి గోలీ ఆపితే ఆ హార్మోను ఎక్కడి నుంచొస్తుంది?" మేం గోడకు ఆనుకుని దేవుళ్లందరినీ పిలిచాం. సాయంత్రానికి అక్క కళ్లు తెరిచి, "ఆకలైతుందే" అంది. డాక్టరమ్మ గట్టిగా నవ్వింది. ఆమె కళ్లలో నీళ్లు చూడడం నాకు అదే మొదలు.

మర్నాడు మా అమ్మను అడిగింది: "తీర్థం పుచ్చుకుంటే ఒక్కపొద్దు చెడుతుందా?"

"తీర్థంతోని చెడదు."

"ఇదీ తీర్థమే అనుకో."

మా అమ్మ సరేనంది. ఆ తర్వాత మా వీధిలో ఏ పండుగకూ ఎవరి మందూ ఆగలేదు. అక్క గోలీని ముక్కలు చేసి, నెలల తరబడి తగ్గించుకుంటూ వస్తే, ఒకనాడు డాక్టరమ్మ "ఇక వద్దు" అంది. ఆ ఏడు అక్క మడిలో దిగి నాట్లేస్తుంటే, గట్టు మీద నిలబడి కాలేజీ పిల్లలా ఈల వేసింది మహాతల్లి!

మొన్న పాడె లేపే వేళ అక్క ముందుకొచ్చింది. "ఆడోళ్లు పట్టొద్దు" అన్నాడొక పెద్దమనిషి.

"నన్ను లేపింది గామె. గిప్పుడు గామెను నేను లేపొద్దా?" అంది అక్క. ఆయన పక్కకు తప్పుకున్నాడు.

బజారు దాటింది, కాలువ వంతెన దాటింది. భుజం మార్చుకుంటామని మగవాళ్లు వస్తూనే ఉన్నారు. అక్క ఎవరికీ ఇవ్వలేదు. మోకాళ్లు ఎక్కడా తడబడకుండా, అందరికంటే ముందు నడిచింది.