ఎర్రర్ మీద వేలు

ఆళ్లగడ్డ బడిలో కంప్యూటర్ సారుకు ఒక అలవాటుండేది. స్క్రీన్ మీద ఎర్రర్ వస్తే దాని మీద వేలు పెట్టి, చర్చిలో వాక్యం చదివినట్టు చివరిదాకా పైకి చదివేవారు.

కంప్యూటర్లు బాగుచేసే నేను నంద్యాల నుంచి పోయి ఆ ల్యాబు మిషన్లలో లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కిస్తాంటే, ప్రతి మిషనూ ప్యాకేజీల లిస్టు, అంటే ఎక్కించాల్సిన ప్రోగ్రాముల పట్టీ, దగ్గరే ఎర్రర్ చూపించి ఆగిపోయింది. సారు వేలు పెట్టి చదివారు.

"లిస్టు ఫైలును కుదించి పెట్టినారప్పా. దాన్ని విప్పేకి ఈ ఎక్కించే ప్రోగ్రాముకు, ఇన్‌స్టాలరుకు, చాతకాల్యా. మనమే విప్పి పెడదామా?"

నేను వినలేదు. మిషన్లు పాతవి, పనికిరావని రాసిచ్చి బస్సెక్కినా. బడివాళ్లు వాటిని పాత సామాన్లకు వేసి, ల్యాబు మూసి, సారును ఉద్యోగం మానిపించినారు.

నిరుడు నంద్యాలలో ఒక కొత్త మిషన్ మీద అదే ఎర్రర్ వచ్చింది. లిస్టు విప్పి పెడితే లినక్స్ ఎక్కేసింది.

మొన్న ఆళ్లగడ్డ బస్టాండులో సారు కనపడి, వేలెత్తి అడిగారు. "ఆ లిస్టు ఎప్పుడన్నా విప్పి చూసినావాప్పా?"

"చూసినా సార్. అయినా ఎక్కల్యా" అన్నా.

"అయితే నేను చదివిందే తప్పు" అని సారు వేలు మడుచుకున్నారు.