డాన్ వెనకాల నాలుగోవాడు

సినిమాలు నేను ఒకటిన్నర స్పీడులో చూస్తాను. పాటలొస్తే దాటేస్తాను. ఆఫీసు బస్సు కొండాపూర్‌లో ఎక్కి, ఆ ట్రాఫిక్‌లో పాక్కుంటూ గచ్చిబౌలిలో దిగేలోపు సగం సినిమా అయిపోవాలి, మిగతా సగం తిరుగు ప్రయాణంలో. మా టీములో అందరం ఇంతే. పైగా అదేదో పెద్ద తెలివితేటలైనట్టు చెప్పుకుంటాం కూడా.

మా ఇంట్లో వంట చేసే అక్కది బోరబండ. వాళ్లాయన కారు నడుపుతాడు. రెండేళ్ల కిందట ఓ ఆదివారం ఇక్కడి అద్దాల ఆఫీసొకదాంట్లో సినిమా షూటింగుకి బండి తీసుకెళ్లాడు. డాన్ వెనకాల నిలబడాల్సిన నలుగురు రౌడీల్లో ఒకడు రాలేదట. ఈయన మీసం చూసి నల్ల చొక్కా తొడిగి నిలబెట్టేశారు. డైలాగు కూడా చెప్పించారు. పళ్ల డాక్టరమ్మని ప్రేమించిన డాన్ కథ అది, నవ్వుల సినిమా. హాల్లో వారం కూడా ఆడలేదు. అక్క పుట్టింటివాళ్లందరినీ వెంటబెట్టుకుని వెళ్లేసరికి అక్కడ వేరే సినిమా నడుస్తోంది. అప్పటి నుంచి ఆమె తమ్ముళ్లు ఏ ఫంక్షన్లో కలిసినా, "బావా, నీ సిన్మ యాడ ఆడుతుంది?" అని ఆయన్ని ఏడిపిస్తూనే ఉన్నారు. ఆయన నవ్వి ఊరుకునేవాడు. తర్వాత ఫంక్షన్లకి వెళ్లడమే తగ్గించేశాడు.

మొన్నామధ్య ఆ సినిమా ఓటీటీలోకి వచ్చింది.

"మేడం, జర మీ ఫోన్ల చూసి చెప్పరా? ఉన్నడని తెలిస్తే మా తమ్ముల్లను పిలుస్త," అంది అక్క.

చూశాను, నా పద్ధతిలోనే. ఎక్కడా కనబడలేదు. మర్నాడు వంటింట్లోకి వెళ్లి, "లేరక్కా. మొత్తం చూశాను," అన్నాను. ఆ 'మొత్తం' అనే మాట ఎంత సులువుగా వచ్చిందో తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపమొస్తుంది.

"కోసేసిన్రేమో తీ," అంది, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ.

రెండు రోజుల తర్వాత తనే చెప్పింది. "ఆయనకు చెప్పిన మేడం. చాయ్ గూడ తాగకుండ బండి తీసుకొని పోయిండు. నువ్వు గూడ నమ్మవా అన్నట్టు చూసిండు. నేను చెప్పకుంటనే మంచిగుండె."

నాకెందుకో అనుమానం వచ్చింది. "ఏ సీను అన్నారక్కా?"

"పాటలనంట. నడుమల పాట ఆగుతదంట, అప్పుడంట."

నాకు తల కొట్టేసినట్టయింది. గదిలోకి వెళ్లి, తలుపేసుకుని, దాటేసిన పాటలన్నీ పెట్టుకుని చూశాను. మూడో పాటలో ఉన్నాడు మహానుభావుడు, నల్ల చొక్కాలో, చేతిలో టిఫిన్ క్యారియర్‌తో. వెంటనే అక్క దగ్గరకెళ్లి, సరిగ్గా చూడలేదని ఒప్పుకున్నాను. తిడితే బావుండేది. "అయితే ఉన్నడా?" అని మాత్రం అడిగింది.

ఆదివారం మధ్యాహ్నం ఇద్దరూ వచ్చారు. తమ్ముళ్లను పిలవలేదు, ముందు తాను చూడాలంది. సోఫాలో కూర్చోమంటే, "పర్వాలే మేడం," అని ఆయన కుర్చీ అంచున కూర్చున్నాడు. టీవీలో పెట్టాను, మామూలు స్పీడులోనే. పాట ఆగింది. నాలుగో రౌడీ క్లినిక్ తలుపు తోసుకుని డాక్టరమ్మ ముందు నిలబడ్డాడు. అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"మా అన్నయ్యగారు మీరు భోంచేశారో లేదో కనుక్కుని రమ్మన్నారండి," అన్నాడు రౌడీ, గంభీరమైన గొంతుతో, అచ్చం మా కాకినాడ బాబాయిలా.

అక్క కొంగు దించింది. "గిదేంది? గిది నీ గొంతు కాదు."

ఆయన మొహం వాడిపోయింది. "వేరేటోల్లతోని చెప్పిచ్చిన్రు. నాకు ఎరుకలే," అన్నాడు మెల్లగా. బావమరుదులు ఇంక ఏమంటారో ముగ్గురికీ తెలుసు. నాకు ఏడుపొచ్చినంత పనయింది. చూపించకుండా ఉండాల్సింది అనిపించింది.

"మేడం, సౌండ్ తీసి మల్లొకపారి పెట్టండి," అంది అక్క. తర్వాత ఆయన వైపు తిరిగింది. "ఇగ చెప్పు. ఆ దినం నువ్వెట్ల చెప్పినవో గట్లనే చెప్పు."

పాట వెనక్కి జరిపాను. చప్పుడు లేకుండా రౌడీ లోపలికొచ్చాడు. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. టీవీ వైపు చూడలేదు, ఆమెనే చూశాడు.

"తిన్నరా లేదా, మా అన్న అడిగి రమ్మన్నడు."

టీవీలో రౌడీ పెదాలతో ఆయన మాట అక్షరం తప్పకుండా కలిసింది.

"తినలే. పొద్దటి సంది తినలే," అంది అక్క, తెర మీద డాక్టరమ్మ నోరు తెరిచేలోపే.